చేతిలో రూపాయి లేకుండా రియల్ ఎస్టేట్: ఎవరి భూమి ఎవరికి మొదటి పెట్టుబడి?

(భూమి – కులం – కాగితం: 7వ భాగం)



డిగ్రీ, పీజీ అయిపోయిన మన పిల్లల ముందు ఇప్పుడు మూడు దారులు ఎక్కువగా కనబడుతున్నాయి. గ్రూప్స్ కోచింగ్, డెలివరీ బైకు, రియల్ ఎస్టేట్ మార్కెటింగ్. మొదటి రెండింటి గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. మూడోదాని గురించి దాదాపు ఏమీ మాట్లాడుకోలేదు. వెంచర్ల వాళ్ళు ఫంక్షన్ హాళ్ళలో మీటింగులు పెట్టి పిల్లలకు ఒకటే మాట చెబుతున్నారు: "పెట్టుబడి అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు, నలుగురు మనుషులు తెలిస్తే చాలు."

ఈ మాట పచ్చి అబద్ధమని నేను అనను. రెండు తెలుగు రాష్ట్రాల్లో చేతిలో పెద్దగా డబ్బు లేకుండా ఈ వ్యాపారంలోకి దిగి పైకొచ్చిన వాళ్ళు నిజంగానే ఉన్నారు. నా ప్రశ్న వేరే. డబ్బు లేకుండా మొదలుపెట్టిన వాళ్ళు దేనితో మొదలుపెట్టారు? డబ్బుకు బదులుగా వాళ్ళ దగ్గర ఏముంది? అది మన దగ్గర ఎందుకు లేకపోయింది? ఇంకా సూటిగా అడిగితే, వాళ్ళ మొదటి పెట్టుబడిలో మన తాతల భూమి ఎంత ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు మార్కెటింగ్ పాఠాల్లో దొరకదు. రెవెన్యూ చరిత్రలో దొరుకుతుంది.

1. బయానా లెక్క

ముందు వ్యాపారం ఎలా నడుస్తుందో చూద్దాం. లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం.

ఒక రైతుకు రోడ్డు పక్కన అయిదెకరాలు ఉంది. ఎకరం 40 లక్షలకు బేరం కుదిరింది. మొత్తం 2 కోట్లు. కొనేవాడు బయానా కింద 10 లక్షలు ఇచ్చాడు. మిగతా కోటీ 90 లక్షలకు ఆరు నెలల గడువు పెట్టి అగ్రిమెంటు రాసుకున్నాడు. ఆ అగ్రిమెంటులో ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: బాకీ సొమ్ము ముట్టాక మీకు గానీ, మీరు కోరిన వారి పేరిట గానీ రిజిస్ట్రేషన్ చేస్తాను. ఈ వ్యాపారానికి ప్రాణం ఆ వాక్యంలో ఉంది. కొనేవాడు తన పేరున భూమి రాయించుకోకుండానే దాన్ని ఇంకొకరికి అమ్ముకోవచ్చు.

ఎకరానికి 4,840 గజాలు. రోడ్లు, పార్కు, ఖాళీ జాగా పోగా ఎకరానికి 2,500 గజాలు అమ్మకానికి మిగిలాయనుకుందాం. అయిదెకరాలకు 12,500 గజాలు. గజం 5,000 చొప్పున 6 కోట్ల 25 లక్షలు. కంకర రోడ్లు, హద్దు రాళ్ళు, అనుమతుల ఖర్చు, ఏజెంట్ల కమీషను అన్నీ తీసేసినా ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. రైతుకు కట్టాల్సిన కోటీ 90 లక్షలు ఎక్కడి నుంచి వచ్చాయి? ప్లాట్లు కొన్నవాళ్ళు కట్టిన అడ్వాన్సుల నుంచి. అంటే రైతు భూమి, కొనేవాళ్ళ డబ్బు, మధ్యలో ఒక కాగితం. మధ్యనున్న మనిషి పెట్టింది 10 లక్షలు, ఆరు నెలలు. ఆ 10 లక్షలు కూడా చాలాసార్లు చీటీ పాడి తెచ్చినవో, బావమరిది సర్దినవో అయి ఉంటాయి.

కాబట్టి తక్కువ డబ్బుతో రియల్ ఎస్టేట్ మొదలుపెట్టడం అంటే ఇంకొకరి భూమిని, ఇంకొకరి డబ్బును కొంతకాలం తన చేతిలో ఆడించగలగడం. అందుకు మూడు ఉండాలి. రోడ్డు ఎటు వస్తుందో ముందే తెలిసే కబురు ఉండాలి. పది లక్షలు నోటిమాట మీద ఇచ్చే పూచీ మనుషులు ఉండాలి. గడువు తీరేదాకా, ఒక్కోసారి ఏళ్ళ తరబడి, ఆగగలిగే ఓపిక ఉండాలి. అనుభవం లేనివాడికి ఈ మూడూ ఉంటే అనుభవం దానంతటదే వస్తుంది. ఈ మూడింటికీ మన దగ్గర కులం లెక్క ఉంది.

2. కబురు, పూచీ, ఓపిక

కబురు సంగతి ముందు. ఏ సర్వే నంబరు ఎవరిది, ఏది పట్టా, ఏది బంజరు, ఏది పోరంబోకు, ఏ ముసలామెకు వారసులు లేరు అన్నది తెలిసిన వాడే భూమి వ్యాపారంలో మొదటి మెట్టు మీద నిలబడతాడు. మన ఊళ్ళలో ఆ విద్య తరతరాలుగా ఆంధ్ర ప్రాంతంలో కరణం ఇంట్లో, తెలంగాణలో పట్వారీ ఇంట్లో ఉండిపోయింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారులను తీసేసేదాకా ఊరి దస్త్రం ఒక కుటుంబపు అటక మీది మూట. మాల మాదిగలు ఆ ఇంటి అరుగు దాకా కూడా పోలేని కాలం అది. ఉద్యోగం రద్దయింది గానీ రద్దుతో పాటు జ్ఞానం చేతులు మారలేదు. అడంగల్‌లో, పహాణీలో తమ పేరుందో లేదో మన పెద్దలు ఇంకొకరిని అడిగి తెలుసుకోవాల్సిందే. 2020లో తెలంగాణలో వీఆర్వోలను తీసేసి ధరణి తెచ్చినప్పుడూ ఇదే కథ. మూట పోయి కంప్యూటర్ వచ్చింది. పాస్‌వర్డ్ మన దగ్గర లేదు.

ఇక పూచీ. గోదావరి ఆనకట్ట 1852 నాటికి, కృష్ణా ఆనకట్ట 1855 నాటికి పూర్తయ్యాయి. డెల్టాలో మెట్ట మాగాణి అయింది. మాగాణి ఉన్న కులాల దగ్గర మిగులు పోగయింది. ఆ మిగులు రైసు మిల్లుల్లోకి, పొగాకు బేరన్లలోకి, సినిమా హాళ్ళలోకి, కాంట్రాక్టుల్లోకి పోయింది. హరిత విప్లవం తర్వాత ఇంకా పెరిగి హైదరాబాదు దాకా వచ్చింది. అవే కాలువల మట్టి తవ్విన వాళ్ళకు, అవే పొలాల్లో నాట్లు వేసిన వాళ్ళకు దక్కింది కూలి. మిగులున్న కులంలో పుట్టినవాడికి సొంత డబ్బు లేకపోయినా డబ్బున్న మేనమామ ఉంటాడు. మనకు మేనమామ ఉంటాడు గానీ ఆయనా కూలికే పోతాడు. ఇది ఒక్కొక్కడి తెలివికో బద్ధకానికో సంబంధించిన విషయం కానే కాదు.

ఓపిక మూడోది. భూమి వ్యాపారంలో లాభం ఆగగలిగినవాడిది. ఆస్పత్రి ఖర్చుకో, కూతురి పెళ్ళికో, పిల్లవాడి ఫీజుకో రేపటికి డబ్బు కావాల్సినవాడు ఆగలేడు. వాడి తొందర ఎంతో ఎదుటివాడి లాభం అంత. మన అసైన్డ్ భూముల అమ్మకాల వెనక కారణాలు అడిగి చూడండి, పది ఇళ్ళలో ఎనిమిది ఇళ్ళలో జబ్బు, పెళ్ళి, అప్పు అనే మూడు మాటలే వినిపిస్తాయి.

3. మన చేతికొచ్చిన భూమి ఎలాంటిది?

"మీకూ భూములిచ్చారుగా, ఏం చేసుకున్నారు?" అని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఇచ్చిన భూమి ఎలాంటిదో, ఏ షరతు మీద ఇచ్చారో చూద్దాం.

మద్రాసు ప్రెసిడెన్సీలో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో పరయల దుస్థితి మీద నివేదిక రాశాడు. పండించే మనిషికి భూమి లేకపోవడం, చివరికి గుడిసె వేసుకున్న నేల కూడా మిరాసీదారుల చేతిలో ఉండడం వాళ్ళ బానిసత్వానికి మూలం అని చెప్పాడు. ఆ తర్వాత 1892లో వచ్చిన ఉత్తర్వులతో అణగారిన కులాలకు భూములు ఇవ్వడం మొదలైంది. తమిళనాడులో వాటినే పంచమి భూములు అంటారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అదే ప్రెసిడెన్సీలో ఉన్నాయి. ఆ భూములకు ఒక షరతు పెట్టారు. కొంతకాలం అమ్మకూడదు, ఆ తర్వాత అమ్మినా అణగారిన కులాల వాళ్ళకే అమ్మాలి. షరతు మంచికే పెట్టారు. కానీ తమిళనాడులో పంచమి భూముల కోసం దళితులు ఈరోజుకీ పోరాడుతున్నారంటే షరతు కాగితం మీద మిగిలి భూమి చేజారిందని అర్థం. 1994లో చెంగల్పట్టు దగ్గర ఆ పోరాటంలో పోలీసు కాల్పులకు ఇద్దరు దళిత యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

నిజాం ఇలాకాలో లావణి పట్టాలు వచ్చాయి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడ మొదలైందని పాఠ్యపుస్తకాల్లో చదివాం. అడిగింది ఎవరన్నది ఆ పాఠంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇచ్చింది ఎవరన్నది పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ రోజుల్లో తెలంగాణలో సాయుధ పోరాటం ఇంకా నడుస్తోంది. పోరాడి తీసుకున్న భూమి నేరమై, దానంగా వచ్చిన భూమి పుణ్యమైంది. అదే భూదాన్ భూములు దశాబ్దాల తర్వాత హైదరాబాదు చుట్టుపక్కల ప్లాట్లయి, కేసులయి, విచారణలయి వార్తల్లోకి వచ్చాయి.

ఆంధ్రలో 1954 జూన్ 18 నాటి జీవో 1142, తెలంగాణ ప్రాంతంలో 1958 జూలై 25 నాటి జీవో 1406 తర్వాత ఇచ్చిన అసైన్‌మెంట్ పట్టాలన్నిటికీ ఒకే సూత్రం. వారసత్వంగా అనుభవించవచ్చు, అమ్మకూడదు. ఈ రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తాయి. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. మిగులు భూమి తేలేలోపు ఎన్ని బినామీ పేర్లు, ఎన్ని దొంగ విడాకులు పుట్టుకొచ్చాయో మీ ఊళ్ళో పెద్దవాళ్ళను అడగండి. మనకు వచ్చింది ఎక్కువగా గుట్ట వార, చౌడు, రాళ్ళ నేల, చెరువు శిఖం. దున్నడానికి ఎద్దులు లేవు, బావి లేదు, దారి లేదు. పట్టా ఒకరి చేతిలో, భూమి ఇంకొకరి స్వాధీనంలో.

ఇది గమనించే 1977లో ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల (బదిలీ నిషేధ) చట్టం తెచ్చారు. అమ్మకం, తనఖా, కౌలు, దానం ఏ రూపంలో బదిలీ జరిగినా చెల్లదు. కొన్నవాడి నుంచి భూమి స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకో, అతని వారసులకో తిరిగి ఇవ్వాలి. ఆ చట్టంలో మనకు అత్యంత విలువైన మాట ఈ 'తిరిగి ఇవ్వాలి' అన్నదే. అతి తక్కువ అమలైన మాట కూడా అదే. అమ్మినవాడికి నోటీసు పోవడం చాలా చోట్ల చూశాం. కొన్నవాడి ఫెన్సింగు పీకించి మనవాడికి భూమి అప్పజెప్పిన తహసీల్దారును ఎన్ని చోట్ల చూశాం?

ఒక్క మాట బాబాసాహెబ్ గురించి. 1947లో ఆయన రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు' పత్రంలో మనిషికో ముక్క పట్టా అడగలేదు. సాగుభూమి రాజ్యం చేతిలో ఉండాలన్నారు. కుల భేదం లేకుండా ఊరివాళ్ళకు ఉమ్మడి సాగుకు ఇవ్వాలని, పెట్టుబడి రాజ్యమే సమకూర్చాలని ప్రతిపాదించారు. పెట్టుబడి లేని చిన్న ముక్క పేదవాడి చేతిలో నిలవదని ఆయనకు తెలుసు. మనకు దక్కింది మాత్రం పెట్టుబడి లేని ముక్కలే.

4. ఊరి మీదికి నగరం వచ్చినప్పుడు

గుట్ట వార రాళ్ళ నేలకు విలువ లేనన్నాళ్ళు అది మనదే. 1998లో హైదరాబాదు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చింది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డు నగరం చుట్టూ గీత గీసింది. కోకాపేటలో 2006లో ప్రభుత్వం వేసిన వేలంలో ఎకరం 14 కోట్లు దాటింది. 2023లో అక్కడే జరిగిన వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఒక తరం కింద జొన్న, ఆముదం పండిన నేలలివి.

ఇప్పుడు ముందు చెప్పిన బయానా లెక్కను అసైన్డ్ భూమికి వేసి చూడండి. పట్టా భూమి ఎకరం 40 లక్షలు ఉన్నచోట అసైన్డ్ భూమిని ఎంతకు అడుగుతారు? "నీది డి-ఫారం పట్టా, అమ్మితే చెల్లదు, రేపు సర్కారు ఊరికే గుంజుకుంటది, నేను కాబట్టి ఎంతో కొంత ఇస్తున్నా" అంటూ పావు వంతుకో అంతకన్నా తక్కువకో అడుగుతారు. తెల్ల కాగితం మీద వేలిముద్ర, లేదంటే జీపీఏ. కొన్నాక దాన్ని 'క్లియర్' చేయించుకోవడానికి వాళ్ళకు కబురుంది, మనిషుంది, ఓపికుంది. చట్టం అమ్మకాన్ని ఆపలేకపోయింది. ధరను మాత్రం కిందికి లాగింది. మనల్ని కాపాడాల్సిన నిషేధమే అవతలివాడికి డిస్కౌంటుగా మారింది. తక్కువ డబ్బుతో వ్యాపారం మొదలుపెట్టాలనుకున్నవాడికి ఇంతకన్నా చౌకైన సరుకు ఎక్కడ దొరుకుతుంది?

ప్రభుత్వం కూడా ఇదే లెక్క వేసింది. పట్టా రైతు భూమి తీసుకుంటే నష్టపరిహారం. అసైన్డ్ రైతు భూమి తీసుకుంటే 'షరతు ప్రకారం వెనక్కి తీసుకుంటున్నాం' అని చెప్పి ఎక్స్‌గ్రేషియా. ఒకటి హక్కు, రెండోది దయ. దీని మీద రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ డివిజన్ రైతులు కోర్టుకు వెళ్ళారు. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ రైతుకూ పూర్తి యజమానితో సమానంగా మార్కెట్ విలువ మీద పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. మనలో ప్రతి విద్యార్థికీ ఈ కేసు పేరు నోటికి రావాలి. భూమి పోతున్న ఊళ్ళో ఎవరైనా "మీకేమీ రాదు" అన్నప్పుడు చెప్పాల్సిన మొదటి మాట ఇది.

ఆ కాలంలోనే, 2004 చివర్లో, కోనేరు రంగారావు అధ్యక్షతన భూమి కమిటీ వేశారు. ఆ కమిటీ 104 సిఫారసులు చేసింది. అసైన్డ్ భూములు తిరిగి ఇప్పించడం, పేదలకు రెవెన్యూ వ్యవహారాల్లో న్యాయసహాయం, రికార్డులు అందుబాటులో ఉంచడం అందులో ఉన్నాయి. అటుపక్క 2007లో 1977 చట్టానికి చేసిన సవరణ, ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో స్వాధీనం చేసుకున్న అసైన్డ్ భూమిని ప్రజాప్రయోజనానికి వాడుకునే దారి తెరిచింది. ఒక చేత్తో తిరిగి ఇవ్వమన్న నివేదిక, ఇంకో చేత్తో తిరిగి ఇవ్వక్కర్లేదన్న సవరణ. నగరం ఎటు పెరుగుతుందో చూస్తే ఏ చెయ్యి గెలిచిందో తెలుస్తుంది.

అమరావతి కథ ఇంకా దగ్గరిది. 2015లో ల్యాండ్ పూలింగ్ కింద 33 వేల ఎకరాలకు పైగా సమీకరించారు. భూమి ఇచ్చినవాళ్ళకు అభివృద్ధి చేసిన ప్లాట్లు తిరిగి ఇస్తామన్నారు. మరి అసైన్డ్ భూములకు? మొదట్లో స్పష్టత లేదు. మీ భూములకు ఏమీ రాదన్న ప్రచారం నడిచిన రోజుల్లో భయపడి అగ్గువకు అమ్ముకున్నామని అక్కడి దళిత రైతులు చెబుతూ వచ్చారు. 2016 ఫిబ్రవరిలో వచ్చిన జీవో 41 అసైన్డ్ భూములకూ ప్లాట్లు ప్రకటించింది, పట్టా భూములకన్నా తక్కువగా. ఈ అమ్మకాల మీద 2021లో సీఐడీ కేసు పెట్టింది, అది కోర్టులకు చేరింది. తప్పెవరిదో తేల్చడం కోర్టుల పని. చరిత్ర విద్యార్థికి కనిపించే సంగతి మాత్రం ఒకటుంది. ప్రభుత్వం మాట చెప్పకుండా ఉన్న ఆ నెలల్లో కబురు ఉన్నవాడు కొన్నాడు, కబురు లేనివాడు అమ్మాడు. ఏమీ చెప్పకపోవడం కూడా మార్కెట్‌లో ఒక ధర నిర్ణయిస్తుంది.

5. నిషేధం ఉండాలా, పోవాలా?

ఇక్కడ మనలో మనకే పేచీ ఉంది. దాన్ని దాచిపెట్టుకోవద్దు.

ఒక వాదన: "అందరి భూమీ అమ్ముకోవచ్చు, మా భూమి మాత్రం అమ్ముకోకూడదా? మేమేమైనా మైనర్లమా? మా ముక్క పెట్టి బజార్లో అప్పు తేలేకపోతే మేమెప్పుడు వ్యాపారం మొదలుపెడతాం?" ఈ వాదనలో న్యాయం ఉంది. భూమి పెట్టుబడిగా మారాలంటే అది స్వేచ్ఛగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ ఈ దారిలోనే వెళ్ళింది. అసైన్ చేసి 20 ఏళ్ళు దాటిన సాగుభూమి మీద అసలు పట్టాదారుకో వారసులకో పూర్తి హక్కులిచ్చింది. తర్వాత 2024లో ప్రభుత్వం మారాక, అక్రమాలు జరిగాయంటూ ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణకు దిగింది.

రెండో వాదన: "ఆ నిషేధం ఒక్కటే గోడ. అది కూలితే పదేళ్ళలో దళితవాడకు సెంటు భూమి మిగలదు." ఇందులోనూ నిజముంది. ఆస్పత్రి బిల్లు ముందు ఏ హక్కూ నిలవదు.

నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి. ఈ పోట్లాటలో వరస ముఖ్యం. మొదట 1977 చట్టం ప్రకారం చేజారిన భూమిని అసలు పట్టాదారులకు తిరిగి ఇవ్వాలి. రెండోది, ఎంత భూమి ఎవరి స్వాధీనంలో ఉందో ఊరి వారీగా జాబితా గ్రామసభ ముందు పెట్టాలి. మూడోది, పూర్తి హక్కు ఇచ్చేటప్పుడు భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. ఆ తర్వాతే అమ్ముకునే హక్కు. వరస తిప్పి ముందు అమ్మకం హక్కు ఇస్తే, ఇరవై ఏళ్ళ కింద తెల్ల కాగితం మీద కొన్నవాడు ఈరోజు మనవాడి చేత సంతకం పెట్టించి రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడు. హక్కు మనవాడి పేరున వచ్చి సాయంత్రానికి ఇంకొకరి బీరువాలో ఉంటుంది.

పూర్తి హక్కు వచ్చిన చోట కూడా అమ్మకం ఒక్కటే దారి కాదు. నగరం పక్కన ఎకరాలున్న కులాలు భూమిని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇచ్చి ఫ్లాట్లలో, ప్లాట్లలో వాటా తీసుకున్నాయి. కొందరు కలిసి ఒక సొసైటీగా నిలబడితే మన పది ముక్కలూ ఒక లేఅవుట్ అవుతాయి. ముక్క ముక్కగా అమ్మితే పది బయానాలు అవుతాయి. ఈ తేడా మన వాడల్లో కూర్చొని చెప్పేవాళ్ళు కావాలి.

6. ఈ పనిలోకి పోతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

మిమ్మల్ని వద్దనడానికి నేనెవరిని? ఉద్యోగాలు లేని కాలంలో బతకాలి. పైగా లేఅవుట్, లింకు డాక్యుమెంటు, ఈసీ అంటే ఏమిటో మన ఇళ్ళలో ఒకరికైనా తెలియడం మంచిదే. కానీ "నలుగురు మనుషులు తెలిస్తే చాలు" అన్నప్పుడు ఆ నలుగురు ఎవరో ఆలోచించండి. మీ మేనత్త, మీ బాబాయి, మీ వాడలో టీచరుగా రిటైరైన పెద్దాయన. మీ ద్వారా కంపెనీ కొంటున్నది వాళ్ళ నమ్మకాన్ని. రేపు వెంచర్ మునిగితే కంపెనీ బోర్డు తిప్పేస్తుంది. మీరు మాత్రం అదే వాడలో బతకాలి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. "మీ ఊళ్ళో భూములేమైనా ఉంటే చూపించు, కమీషన్ ఇస్తాం" అంటారు. అప్పుడు మీరు అమ్మే సరుకు మీ తాత డి-ఫారం పట్టా అవుతుంది.

అందుకని ఈ కొన్ని పనులు చేయండి.

ఒకటి. ముందు మీ ఇంటి పెట్టె తెరవండి. పట్టా ఎవరి పేరున, ఏ సంవత్సరంలో, ఏ సర్వే నంబరులో, ఎంత విస్తీర్ణంలో ఉందో రాసుకోండి, ఫొటో తీసి పెట్టుకోండి. కాగితం పోయి ఉంటే తహసీల్దారు ఆఫీసులో సమాచార హక్కు చట్టం కింద నకలు అడగండి.

రెండు. పట్టా తేదీ చూడండి. ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18కి ముందు, తెలంగాణలో 1958 జూలై 25కి ముందు ఇచ్చిన పట్టాలో అమ్మకూడదన్న షరతు రాసి ఉందా లేదా అన్నది పెద్ద విషయం. ఆ షరతు లేని పాత పట్టా మీద హక్కు వేరు. ఆ సంగతి తెలియక పట్టా భూమిని అసైన్డ్ ధరకు ఇచ్చుకున్న వాళ్ళుంటారు.

మూడు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద నిషేధిత భూముల జాబితా ఉంటుంది. మీరు అమ్మబోయే వెంచర్ సర్వే నంబరు అందులో ఉందేమో చూడకుండా ఒక్క ప్లాటు కూడా అమ్మకండి.

నాలుగు. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. అలాంటి ప్రాజెక్టులో ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. నమోదు కాని ప్రాజెక్టుకు 'ప్రీ-లాంచ్' పేరుతో డబ్బు వసూలు చేయిస్తే చట్టం ముందు నిలబడేది మీరు కూడా.

అయిదు. జీపీఏ మీద అమ్మకం యాజమాన్యం ఇవ్వదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ కస్టమరుకు ఆ మాట చెప్పండి. మీ ఇంట్లో ముసలివాళ్ళ చేత ఖాళీ స్టాంపు కాగితం మీద వేలిముద్ర వేయించనివ్వకండి.

ఆరు. మన భూమిని ఎవరైనా అక్రమంగా ఆక్రమించినా, మనల్ని అక్రమంగా అందులోంచి వెళ్ళగొట్టినా అది సివిల్ తగాదా మాత్రమే కాదు. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కింద నేరం. మనకు కేటాయించిన భూమికి కూడా అది వర్తిస్తుంది. స్టేషన్‌లో "కోర్టుకెళ్ళండి" అంటే ఈ సెక్షన్ చూపించండి.

ఏడు. మీ కమీషన్ ఎంతో, ఎప్పుడిస్తారో కాగితం మీద రాయించుకోండి. ఇతరుల చేత సంతకాలు పెట్టించే వ్యాపారంలో మన కూలి మాత్రం నోటిమాటగా ఉండకూడదు.

పెట్టుబడి లేకుండా మొదలుపెట్టవచ్చని వాళ్ళు చెబుతున్నది నిజమే. పెట్టుబడి ఎప్పుడూ ఉంది. 1892 నుంచి ఇప్పటిదాకా అది గుట్ట వార, చౌడు నేలలో, మన పేరు మీద, ఇంకొకరి చేతిలో ఉంది. ఈ వ్యాపారంలో మనం కమీషన్ ఏజెంట్లుగా మొదలవుతామా, భూమి హక్కుదారులుగా మొదలవుతామా అన్నది ఆ ఇంటి పెట్టెలోని కాగితం చదవడం దగ్గర తేలుతుంది.

ఈ సెలవుల్లో ఇంటికి పోయేవాళ్ళు మీ వాడలో కనీసం పది ఇళ్ళ పట్టాలు చదివి, పట్టా ఎవరిది, ఇప్పుడు భూమి ఎవరి స్వాధీనంలో ఉంది, ఎందుకు చేజారింది అని ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరి పేర్లూ, సర్వే నంబర్లూ ఇక్కడ బయట పెట్టకండి. వాడ పేరు, ఎకరాలు, కారణం చాలు. వచ్చే భాగంలో ఇనాం భూముల గురించి, ఊరి చాకిరీకి మన పెద్దలకిచ్చిన మాన్యాలు ఎలా మాయమయ్యాయో రాస్తాను. మీ నోటుబుక్కులు దానికీ పనికొస్తాయి.

జై భీమ్.